పన్నెండు ఊళ్ళ నేలగీత

ఆవిడకి పేరు లేక కాదు. పన్నెండు స్కూళ్ళలో ఎక్కడ అడిగినా, "ఎవరూ, బండి టీచరా?" అనే అంటారు. బొమ్మలు నేర్పే టీచరు. ఒక్కో స్కూలుకి రెండు వారాలు. ఆ రెండు వారాలూ స్కూలు గోడవారగా తన వ్యాను నిలుపుకుని అందులోనే కాపురం. మూడో సోమవారానికి ఇంకో ఊరు, ఇంకో గోడ.

వ్యాను పేరు కుంభకర్ణుడు. తాళం తిప్పితే మూడుసార్లు ఆవలిస్తాడు, నాలుగోసారి తుమ్ముతాడు, ఐదోసారికి గాని లేవడు. లోపల మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే స్టవ్వు మీది టీ దించుకోవచ్చు. స్టవ్వు దగ్గర నిలబడి మోకాలితో బట్టల అర మూసెయ్యొచ్చు. ఒళ్ళు విరుచుకోవాలంటే మాత్రం తలుపు తీసుకోవాలి.

పొద్దున్నించి మధ్యాహ్నం దాకా టీచరు, మధ్యాహ్నం నించి వెలుగు పోయేదాకా చిత్రకారిణి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈవిడ ఒరలో రెండు కత్తులే కాదు, ఒక స్టవ్వు, రెండు బాల్చీలు, దిద్దాల్సిన డ్రాయింగు పుస్తకాల మూటలు కూడా ఇమిడాయి. ఇమిడినంత మాత్రాన కలవకుండా ఉంటాయా? కుంచె కడగాల్సిన గ్లాసులో టీ, టీ పోసుకోవాల్సిన గ్లాసులో కుంచె. వారానికి ఒకసారైనా ఇది తప్పేది కాదు. నీలం రంగు టీ రుచి ఎలా ఉంటుందో అడిగితే చెప్పగల మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే.

ఆవిడ ఇలా బండెక్కడం అక్కకి బొత్తిగా ఇష్టం లేదు. మూడేళ్ళ కిందట బయల్దేరుతుంటే దారికి అడ్డంగా నిలబడింది.

"మూడేళ్ళు ఇస్తున్నానే నీకు. ఈ మూడేళ్ళలో నీ బొమ్మ ఒక్కటి పెద్ద హాల్లో గోడకెక్కాలి, నలుగురూ చూడాలి. లేదూ, ఈ డొక్కు బండి అమ్మేసి, మా వీధి చివర స్కూల్లో ఉద్యోగంలో చేరి, మనిషిలా నాలుగు గోడల మధ్య పడుకోవాలి. చెయ్యి!"

చెల్లెలు చేతిలో చెయ్యేసింది. అక్క పక్కనే నిలబడ్డ బావ తాపీమేస్త్రీ. ఆయన మాటల మనిషి కాదు, వస్తువుల మనిషి. మధ్యలో నీటిబుడగ ఉండే మట్టంబద్ద ఒకటీ, ఎనిమిది ఇటుకలూ తెచ్చి బండిలో పెట్టాడు.

"బండి ఆపిన చోటల్లా ఈ బద్ద కింద పెట్టి చూసుకో, మరదలా. బుడగ నడిమధ్యకి వచ్చేదాకా చక్రాల కింద ఇటుకలు పెట్టు. మిగతాది నీ ఇష్టం."

"అలాగే బావా," అంది. రెండూ భద్రంగా దాచుకుంది కూడా.

అయితే ఒక్క ఊళ్ళో తప్ప ఎక్కడా కుంభకర్ణుడు తిన్నగా నిలబడ్డ పాపాన పోలేదు. స్కూలు గోడవార ఎప్పుడూ ఏదో ఒక వాలు. కొత్త ఊరు చేరగానే టీచరు చేసే మొదటి పని, జడముడిలోంచి పెన్సిలు తీసి నేల మీద పెట్టడం. అది ఎటు దొర్లితే కాళ్ళటు, తల ఇటు. అంతే, సర్దుకుపోయేది. ఎన్నాళ్ళు సర్దుకుందంటే, బల్ల మీంచి జారే గ్లాసుని చూడకుండానే చెయ్యి వెళ్ళి పట్టుకునేది.

ఆ బండిలోనే పెద్ద బొమ్మ మొదలుపెట్టింది. బండిలో పెద్ద బొమ్మ ఎలా పడుతుంది? ముక్కలుగా పడుతుంది. మంచం కింద పెట్టెలో పట్టేంత చెక్కపలకలు పన్నెండు కోయించుకుంది, ఊరికొకటి చొప్పున. వెనక తలుపులు బార్లా తెరిస్తే ఎదురుగా ఆ ఊరు. దూరాన ఆకాశం నేలని తాకేచోట ఒక గీత. పిల్లలకి దాన్ని నేలగీత అని చెబుతుంది. "ముందు నేలగీత గియ్యండర్రా, ఆ తర్వాతే చెట్టూ ఇల్లూ" అన్నది ఆవిడ మొదటి పాఠం. ప్రతి పలకకీ నడిమధ్యన, అడుగు నించి సరిగ్గా జానెడు ఎత్తున చుక్క పెట్టుకుని, ఆ చుక్క మీదుగా ఎదర కనబడే నేలగీత గీసేది. ఊళ్ళు వేరైనా గీత ఒక్కటే. పన్నెండు పలకలూ పక్కపక్కన పెడితే పన్నెండు ఊళ్ళ మీదుగా ఒకే గీత సాగిపోవాలి. అదీ ఆలోచన.

గీసిన పలకని పాత దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టేది. పన్నెండూ పరిచి చూసుకోవాలంటే చోటేదీ? మూడేళ్ళూ ఆ బొమ్మ మీదే పడుకుంది గాని, దాన్ని ఒక్కసారీ పూర్తిగా చూడలేదు.

ఇప్పుడు గడువు ముగిసే నెల. పట్నంలో పెద్ద హాలు వాళ్ళు ఒక గోడ ఇస్తామన్నారు, ఒక శనివారం. సాయంత్రం నాలుగింటికి తలుపులు తీస్తారు.

ముందురోజు శుక్రవారం మూడో తరగతిలో పాఠం, కొండ మీద ఇల్లు. రెండు జడల పిల్ల ఒకతి వాలు గీత గియ్యలేక కాగితాన్నే ఏటవాలుగా తిప్పుకుని, తిన్నగా గీత లాగేసింది.

"కాగితం తిప్పకూడదమ్మా, చెయ్యి తిప్పాలి," అంది టీచరు.

"చెయ్యి నొప్పెడుతుంది టీచర్. కాగితానికి నొప్పి ఉండదు కదా."

"తిప్పితే బొమ్మ తప్పొస్తుంది."

"గీతకేం తెలుసు టీచర్, కాగితం తిరిగిందని?"

 జవాబు తోచనప్పుడు టీచర్లు చేసే పనే చేసింది టీచరు. కాగితం నాలుగు మూలలా టేపు అంటించి బల్లకి బిగించేసింది.

శనివారం తొమ్మిదింటికి హాలు ముందున్న వాలు రోడ్డులో కుంభకర్ణుణ్ణి ఆపి, పలకలు దించుతుంటే అక్కా బావా ఆటో దిగారు. బావ చేతిలో సుత్తి, మేకులు, చుట్ట చుట్టిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం. అక్క చేతిలో టీ ఫ్లాస్కు.

"సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ ఆయన కూడా వస్తున్నాడు," అంది అక్క, గ్లాసుల్లో టీ పోస్తూ.

"బొమ్మలు చూడ్డానికా?"

"బండి చూడ్డానికి. వీధివీధికీ తిప్పుకుని అందులోనే ఇస్త్రీ చేసుకుంటాడట. ఎందుకైనా మంచిదని రమ్మన్నాను. నీ బొమ్మ గోడకెక్కిందా, వచ్చిన దారినే పోతాడు. లేదా..."

"లేదా ఏమీ లేదు. ఎక్కుతుంది."

"ఎక్కితే నాకేం కడుపుమంటా? తాగు, చల్లారిపోతుంది."

హాలు మేనేజరు తెల్ల చొక్కా మనిషి. ఆయన నోట్లోంచి రోజుకి నూరుసార్లు వచ్చే మాట ఒకటే కాబట్టి పనివాళ్ళంతా ఆయన్ని ముట్టుకోవద్దుగారు అనే పిలుచుకుంటారు. నడుస్తూ నడుస్తూ గోడ మీద పటం ఏదైనా వెంట్రుకవాసి పక్కకి ఒరిగితే చాలు, చిటికెనవేలితో సరిచేసి గాని ముందుకి కదలడు.

"మేడమ్, నియమాలు చెబుతున్నాను. పటాలన్నీ తిన్నగా ఉండాలి. మూడున్నరకి నేనొచ్చి చూస్తాను. వంకర ఉంటే ఈ గోడకి తెర దించేస్తాను. అలా దించిన రోజులున్నాయి. ఆ, గోడ ముట్టుకోవద్దు!"

"ముట్టుకోకుండా మేకు ఎలా కొట్టాలి సార్?" అన్నాడు బావ.

మేనేజరు ఆలోచించాడు. "మేకుతో ముట్టుకోండి," అని వెళ్ళిపోయాడు.

బావ పన్నెండు మేకులు కొట్టాడు. టీచరు ఒక్కో దుప్పటీ విప్పి పలక అందిస్తే, ఆయన తగిలించాడు. ఆఖరిది తగిలించాక ముగ్గురూ వెనక్కి నడిచి, ఎదుటి గోడకి వీపులానించి చూశారు.



మొదటి ఊళ్ళో నేల కుడిచేతివైపు దిగింది. రెండో ఊళ్ళో ఎడమచేతివైపు దిగింది. మూడో ఊరు మళ్ళీ కుడికి, నాలుగోది ఇంకా కుడికి. ఒక పలకలో గీత ముగిసిన చోటుకీ, పక్క పలకలో మొదలైన చోటుకీ రెండేసి వేళ్ళ తేడా. పన్నెండు ఊళ్ళూ కల్లు తాగి, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని ఇళ్ళకి పోతున్నట్టున్నాయి.

"భూకంపం బొమ్మా ఇది?" అంది అక్క నెమ్మదిగా.

"మేకులు వంకరగా కొట్టావు బావా!" అంది టీచరు.

తాతకి దగ్గులు నేర్పినట్టు, మేస్త్రీకి మేకులు! బావ ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస మొదటి మేకు దగ్గర తను పట్టుకుని, రెండో కొస పన్నెండో మేకు దగ్గర మరదలి చేత పట్టించాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు మేకు దగ్గరే ఆగాయి, అక్కడా ఇక్కడా ఒకటే ఎత్తు.

"నీళ్ళు చుట్టరికం చూడవమ్మా," అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నారట," అని అక్క అందుకుంది.

టీచరు మొదటి పలక దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. గీత తప్పు కాదు. ఆ గీత తను చూసిందే. చెరువుగట్టు, గట్టు వెనక మిల్లు గొట్టం, అన్నీ ఎక్కడివక్కడే. ఉన్నట్టుండి చెయ్యి జడముడిలోకి వెళ్ళి పెన్సిలు తీసింది. ఆ ఊళ్ళో ఇది ఎటు దొర్లేది? స్టవ్వు వైపు. రెండో ఊళ్ళో? స్టవ్వుకి ఎదురు వైపు. మూడో ఊళ్ళో మళ్ళీ స్టవ్వు వైపు, నాలుగో ఊళ్ళో అయితే పెడితే చాలు పరుగు. ఆ రెండు వారాలూ మంచం మీంచి జారిపోకుండా పక్కన బాల్చీలు అడ్డం పెట్టుకుని పడుకుంది.

"బావా," అంది గొంతు తగ్గించి. "నేను పలక పెట్టుకునే స్టాండు బండి అడుక్కి బిగించి ఉంటుంది."

"ఊఁ."

"బండి ఒరిగితే స్టాండు ఒరుగుతుంది."

"స్టాండుతో పలకా ఒరుగుతుంది. నువ్వు మాత్రం బయటున్న నేలని ఉన్నట్టే, తిన్నగా గీశావు. ఒరిగిన పలక మీద తిన్నటి గీత! ఇప్పుడు నేను పలకల్ని తిన్నగా పెట్టాను, కాబట్టి గీత ఒరిగింది." బావ గడ్డం గోక్కున్నాడు. "అది సరే గాని మరదలా, నేనిచ్చిన మట్టంబద్ద ఏమైంది?"

టీచరు ఫ్లాస్కు వైపు చూసింది. ఫ్లాస్కు ఏమీ చెప్పలేదు.

"కిటికీ తెర ఉంది కదా బావా..."

"తెర సంగతి నేనడగలేదు."

"ఆ తెర దాని మీదే వేలాడుతోంది."

"ఇటుకలు?"

"పుస్తకాల అర."

అక్క చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో కోపమో తెలియలేదు గాని భుజాలు మాత్రం కదిలాయి. కాసేపటికి చెంగు తీసి, "పన్నెండు స్కూళ్ళ పిల్లలకి నేలగీత తిన్నగా గియ్యమని చెప్పే టీచరమ్మ!" అంది. ఆ తర్వాత గోడ మీది గడియారం చూసింది. ఒంటిగంట. అక్క మొహంలో నవ్వు పోయింది. "ఇప్పుడేం చేస్తావే?"

మళ్ళీ గీస్తే నాలుగింటికి రంగు ఆరదు. బావ తన వృత్తికి తగ్గ ఉపాయం చెప్పాడు. "రంపం తెస్తాను. తలా కాస్త కోసేస్తే గీతలు కలుస్తాయి."

"నా ఊళ్ళని కోస్తావా!"

"మరి అమ్మేస్తావా, బండిని?"

టీచరు నేల మీద కూలబడింది. అక్కడి నించి చూస్తే పన్నెండు ఊళ్ళూ ఇంకా ఎక్కువ తూలుతున్నాయి. ఈ హాల్లో ఇంకో శనివారం దొరకదు. చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట. సోమవారం నించి వీధి చివర స్కూలు, నాలుగు గోడలు, ఎటూ దొర్లని పెన్సిలు. తల వాల్చేసి కూర్చుంది. తల పక్కకి వాలినప్పుడు, మొదటి పలకలో గీత చప్పున తిన్నగా కనబడింది.

తల ఎత్తింది. వంకర. వాల్చింది. తిన్నగా.

గీతకేం తెలుసు టీచర్, కాగితం తిరిగిందని?

"ఓసి నీ రెండు జడలు బంగారం గానూ!" అని లేచి, మొదటి పలకని రెండు చేతులా పట్టుకుని పక్కకి తిప్పింది. పలక ఒరిగింది, మిల్లు గొట్టం నిలబడింది, గీత చదునైంది. "బావా, ఇలా నిలబెట్టగలవా? ఒరిగినట్టే?"

"కింద మూలకి ఇంకో మేకు ఆనిస్తే చచ్చినట్టు నిలబడుతుంది. మూలలు ఒరుసుకోకుండా పలకల మధ్య నాలుగేసి వేళ్ళ సందు వదలాలి, అంతే. కాని ఎంత ఒరగాలో లెక్క?"

"అది నాకు తెలుసు!" అని బయటికి పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పటికి చేతిలో మట్టంబద్ద, దానికి వేలాడుతూ పువ్వుల తెర సగం. బద్దని నేలగీత మీద ఆనించి, బుడగ మధ్యకొచ్చేదాకా పలకని తిప్పింది. మూడేళ్ళ తర్వాత ఆ బుడగకి పని దొరికింది.

ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి మేకు కొడుతుంటే బావ ఆగాడు. "మొదటిది మళ్ళీ తిన్నగా అయిందేం?"

ముట్టుకోవద్దుగారు. అటుగా పోతూ పోతూ అలవాటు కొద్దీ అడుగు మేకు మీంచి పలకని ఎత్తి, చిటికెనవేలితో సరిచేసి, రెండోదాని దగ్గరికి వచ్చాడు.

"ముట్టుకోవద్దు!" అని అరిచింది అక్క.

ఆయన పుట్టిన దగ్గర్నించి ఆ మాట అనడమే గాని వినలేదు. వేలు గాల్లోనే ఆగిపోయింది.

"పటాలు తిన్నగా ఉండాలి కదమ్మా, నియమం!"

"తిన్నగానే ఉన్నాయి. కళ్ళు పెట్టి చూడండి."

బావ ఆయన చేతికి మట్టంబద్ద ఇచ్చాడు, తెరతో సహా. మేనేజరు రెండో పలక మీది నేలగీతకి బద్ద ఆనించాడు. బుడగ నడిమధ్యన నిలబడింది. మూడోదానికి ఆనించాడు. నడిమధ్యనే. పలక అంచు చూశాడు, గీత చూశాడు, మళ్ళీ అంచు చూశాడు. నుదుటి మీద చెమట పోసింది.

"అంచులు వంకర," అన్నాడు.

"అంచుల్ని చూడ్డానికి ఎవరొస్తారు సార్? అద్దం చూసుకునేప్పుడు ఫ్రేము చూసుకుంటామా?" అన్నాడు బావ.

మేనేజరు "ఈ ఊరు ఇంత ఒరిగిందేం?" అన్నాడు నాలుగోది చూపిస్తూ.

"అక్కడ స్కూలు కొండ మీద సార్. అక్కడ నేను బాల్చీల మధ్య పడుకున్నాను."

"ఇది?"

"ఇక్కడ ఒక చక్రం మురిక్కాలవ మీది బండ మీద."

ఆయన పన్నెండూ అడిగాడు. పన్నెండూ విన్నాడు. వెళ్ళి తన సొరుగులోంచి కొత్త మేకుల పొట్లం తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "అడుగు మూలలకి ఇవి వాడండి. మీవి తుప్పు పట్టాయి."

నాలుగింటికి తలుపులు తెరిచారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తలలు పక్కకి వాల్చారు, మరుక్షణం తిన్నగా ఎత్తారు, ఆ తర్వాత నవ్వుకుంటూ గోడ ఈ చివర నించి ఆ చివరికి గీత వెంట నడిచారు. చతికిలపడ్డట్టు, తూలినట్టు, మోకాళ్ళ మీద నిలబడ్డట్టు పలకలు. వాటన్నిటి మీదుగా దారం కట్టినట్టు ఒకే గీత. ఒక పెద్దాయన పాపం మంచి మనసుతో ఐదో పలకని సరిచెయ్యబోయాడు.

"ముట్టుకోవద్దు!" హాలు అదిరింది. "అది తిన్నగానే ఉంది!"

అక్క జనంలోంచి నడుచుకుంటూ వచ్చి ఏడో పలక దగ్గర ఆగింది. తన వీధి. తన ఇంటి పిట్టగోడ. వీధి చివర స్కూలు. ఆ స్కూలు వంతు వచ్చిన రెండు వారాలూ బండి తన గుమ్మం ముందే నిలబడింది.

"ఇదొక్కటీ ఒరగలేదేమే?" అని టీచరే అడిగింది, పక్కకి వచ్చి. "మీ వీధి ఎంత వాలో నాకు తెలుసు. అక్కడ మొదటిరోజు తప్ప పెన్సిలు ఎటూ దొర్లలేదు. నేను అప్పుడే అనుకున్నాను, ఇదేం వింతరా అని."

 వెనక నించి బావ అన్నాడు, "నేను కాదమ్మా. మా పెరట్లో పేర్చిన ఇటుకలు ఆరు తగ్గాయని నేను పనివాళ్ళని తిట్టాను కూడా."

టీచరు అక్క మొహంలోకి చూసింది.

"ఏం చెయ్యనూ?" అంది అక్క, గోడకి చెబుతున్నట్టు. "తల దిగువకి పెట్టుకుని పడుకుంటే మొహం ఉబ్బిపోతుంది. నీకెలాగూ తెలివి లేదు. నువ్వు స్కూలుకి పోయినప్పుడు నలుగుర్ని పిలిచి, బండి ఎత్తించి పెట్టాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే బండి బాగుందన్నట్టు అవదూ?"

అంతలో గుమ్మంలోంచి ఎవరో పిలిచారు. ఇస్త్రీ ఆయన. ముగ్గురూ బయటికి వెళ్ళారు. ఆయన కుంభకర్ణుడి చుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రాల్ని తన్ని, లోపలికి తొంగిచూసి, తెర లేని కిటికీని చూసి పెదవి విరిచాడు.

"ఇదేం బండమ్మా, ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇందులో ఇస్త్రీపెట్టె పెడితే బట్టల మీంచి జారి నా కాళ్ళ మీద పడుతుంది. మూడేళ్ళు దీన్లో ఎవరున్నారో గాని..."

అక్క ముక్కుపుటాలు అదిరాయి. మూడేళ్ళుగా ఆ బండిని డొక్కు అని, డబ్బా అని, తుక్కు అని తిట్టింది తనే. కాని ఇంటి కోడల్ని అత్త తిట్టొచ్చు, వీధివాళ్ళు తిడతారా?

"ఎవరున్నారా? మా చెల్లి ఉంది! లోపల పన్నెండు ఊళ్ళు ఒకే గీత మీద నిలబెట్టింది, జనం తలలు వాల్చుకుని చూస్తున్నారు, పోయి చూడు! రోడ్డు వాలితే బండి వాలదా? నీ పెట్టె నిలబడకపోతే నీ చేతిలో పట్టు లేదన్నమాట. అమ్మేది లేదు, పోవయ్యా!"

"మీరే కదమ్మా రమ్మన్నారు!"

"పొమ్మంటున్నదీ నేనే."

ఆయన వెళ్ళిపోయాడు.  బావ ఆకాశం వైపు చూస్తూ ఈల వేశాడు. అక్క చెంగు నడుముకి దోపుకుని, బండిలోకి ఎక్కి, పుస్తకాల అర కింద నించి రెండు ఇటుకలు లాగింది. పుస్తకాలు దబదబా పడ్డాయి.

"అక్కా, వద్దే! రేపు ఆదివారం కొత్త పలక ఈ ఊళ్ళోనే మొదలుపెడుతున్నాను. ఇటుకలు పెడితే అది తిన్నగా వచ్చేస్తుంది!"

అక్క చేతిలో ఇటుకతో ఒక్క క్షణం ఆలోచించింది. "పడుకునేప్పుడు పెట్టు. గీసేప్పుడు తీసెయ్యి."

"రోజూనా?"

"రోజూ. చెయ్యి!"

టీచరు చేతిలో చెయ్యేసింది. ఇటుకలు అక్కడే దించేసి, అక్క ఫ్లాస్కులో మిగిలిన టీ రెండు గ్లాసుల్లో పోసి బల్ల మీద పెట్టి, మంచం మీద చతికిలబడింది. గ్లాసులు మెల్లగా స్టవ్వు వైపు జారడం మొదలుపెట్టాయి. అక్క ఏదో చెబుతూ, అటు చూడకుండానే చెయ్యి చాపి తన గ్లాసు పట్టుకుంది.